పొగడ్త వారిది, పొగ నాది

మా బైరెడ్డిపల్లెలో ధనుర్మాసం చలి ఎలాంటిదో అక్కడ కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే మా పాత ఇంటి స్నానాలగదిలో రాగి బాయిలరంటే అందరికీ అంత భక్తి.

దాన్ని తీసేసి గీజరు పెట్టిద్దామన్నానో లేదో, ఇంట్లో మగవాళ్ళంతా ఏకమైపోయారు. "ఆ నీళ్ళ హాయి గీజరుకెక్కడిదే?" అన్నారు మావారు. నిజమే, కాదనను. టెంకాయ పీచు, ఆకు కోసేసిన మల్బరీ పుల్లలు, ఏది వేసినా మండుతుంది. కరెంటు పోయినా నీళ్ళు కాగుతాయి.

అయితే స్వామీ, తెల్లారకముందే లేచి, తడి పుల్లల్ని ఊది ఊది కళ్ళెర్ర చేసుకునేదెవరు? బూడిదెత్తేదెవరు? చింతపండేసి తోమేదెవరు? బోరు నీళ్ళకి లోపల సున్నంలా పొర కడుతుంది. అది మందమైనకొద్దీ పుల్లలెక్కువ కావాలి. పైగా తలుపూ కిటికీ బిగించి నిప్పు రాజేస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. ప్రాణం మీదికి వచ్చేదాకా తెలియదు.

గీజరుకి ఖర్చు లేదనను. 50 లీటర్ల నీళ్ళని 20 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే సుమారు ఒకటిన్నర యూనిట్ల కరెంటు కాలుతుంది. ఆ బిల్లు కట్టేది మావారు. అదీ అసలు బాధ! నా కష్టానికి మీటరు లేదు గనుక బాయిలరు ఉచితం!

సరే, బాయిలరుని ఉండనివ్వండి. కానీ దాన్ని పొగిడినవాళ్ళే రాజెయ్యాలి. ఈ షరతు పెట్టి మూడు రోజులైంది. నిన్న మావారు పలమనేరు వెళ్ళి గీజర్ల ధరలు కనుక్కొచ్చారు!