ఇంటిపేరు చూసి రూం ఇస్తరా?

గ్రూప్స్ కోచింగ్‌కని అశోక్‌నగర్ పోయిన కొత్తల, రూంల ఒకలకు జాగ ఉన్నదని గోడకు అంటించిన కాయితం చూసి పోయిన. కిరాయెంతో నేనడిగేలోపే ఆ తమ్ముడు అడిగిండు: "అన్నా, మీ ఇంటిపేరేంది?" చెప్పిన. జరసేపటికి "నిన్ననే ఒకాయన ఖాయం చేస్కున్నడన్నా" అన్నడు. కాయితం మాత్రం వారం దాకా గోడకే ఉన్నది.

ఊర్ల వాడలు వేరు, పట్నంల రూంలు వేరు. అంటరానితనం పేరుమీద ఇంట్ల ఉండనియ్యకుంటే నేరమని 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం చెప్తది. గని "ఖాళీ లేదు" అన్న ఒక్క మాట మీద కేసెట్ల పెడ్తం? ఓనర్ల మీదికి నెట్టుడు అల్కనే. రూమ్మేట్‌ను ఎంచుకునేది మాత్రం మనమే గదా!

అడగాల్సినయి వేరే ఉన్నయి. కిరాయి ఏ తారీఖుకు ఇస్తవు? వంట వంతులకు ఒప్పుకుంటవా? రాత్రి ఎన్నింటిదాకా లైటేస్తవు? నడుమల ఖాళీ చేస్తే అడ్వాన్స్ లెక్కెట్ల? తర్వాత నాకు దొరికిన రూమ్మేట్ గివ్వే అడిగిండు. వంట కాడ, కరెంట్ బిల్లు కాడ కొట్లాడుకున్నం, గని మూడేండ్లు ఒక్క గిన్నెల వండుకొని తిన్నం.

అంటరానితనం రద్దని చెప్పే 17వ అధికరణం పరీక్ష కోసం బట్టీ పడ్తం. పుస్తకం మూసి, రూంకొచ్చినోని ఇంటిపేరు అడుగుడేంది తమ్మీ?