ర్యాంకుకి బహుమతిగా కుందేలు వద్దు



పోయిన నెల ఐదో తరగతిలో ఒక పాప లేచి, "మిస్, యూనిట్ టెస్ట్‌లో ఫస్ట్ వస్తే డాడీ రాబిట్ కొనిస్తానన్నారు" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం మా ఇంట్లో ఉన్న జున్ను గుర్తొచ్చింది.

జున్నుని కూడా ఒక బాబుకి మార్కులొచ్చాయనే కొన్నారు. మూడు నెలలకు బాబు మోజు తీరింది. వాసనొస్తోందని పెద్దవాళ్లు దాన్ని పంజరంతో సహా బాల్కనీలో పెట్టేశారు. ఎవరికైనా ఇచ్చేస్తామంటే నేను తెచ్చుకున్నాను. ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుందని వాళ్లకెవరూ చెప్పలేదు, అంతే. ఇప్పుడు ఐదో తరగతి చదివే పాప ఇంజినీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్లినా, కుందేలు మీ ఇంట్లోనే ఉంటుంది.

మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. తలుపులు మూస్తే చాలనుకున్నాను. మొదటి సాయంత్రమే ఫోన్ ఛార్జర్ రెండు ముక్కలైంది. స్విచ్ ఆపి ఉంది కాబట్టి సరిపోయింది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, దొరికినదాన్నల్లా కొరికి చూడటం దాని సహజం. తిట్టి లాభం లేదు, మనమే సర్దుకోవాలి. వైర్లన్నీ ప్లాస్టిక్ పైపుల్లోకి తోశాం. టీవీ వెనక, ఫ్రిజ్ వెనక సందుల్ని అట్టలతో మూశాం. బాల్కనీ గ్రిల్‌కి కింద నుంచి సన్న జాలీ కట్టించాం. కలరా ఉండలు, బొద్దింకల సుద్దముక్క, మనీ ప్లాంట్ అన్నీ దానికి ప్రమాదమే, తీసేశాం. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారుతుంటే పాత జంపఖానాలు పరిచాం. (ఇప్పుడు వాటి అంచులు కూడా లేవు.)

తిండి సంగతి ఇంకా ముఖ్యం. కార్టూన్లలో లాగా రోజూ క్యారెట్ పెట్టకూడదు, అందులో తీపి ఎక్కువ. ఎప్పుడో చిన్న ముక్క చాలు. దాని అసలు భోజనం గడ్డి. ఎండుగడ్డి రోజంతా ముందుండాలి.

ఒకరోజు పొద్దున జున్ను గడ్డి ముట్టలేదు. "లంఖణం పరమౌషధం, ఒక పూట మానితే ఏం కాదులే" అంది అమ్మ. నేనూ సరేనని స్కూలుకి వచ్చేశాను. సాయంత్రానికి మూలన ముడుచుకుని కూర్చుంది, ఒక్క పెంటిక కూడా వేయలేదు. కుందేలుకి పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలట. సగం రోజు తినకపోతే ప్రాణం మీదికి వస్తుందని ఆ రాత్రే తెలిసింది. మొదట వెళ్లిన క్లినిక్‌లో కుక్కల్నే చూస్తామన్నారు. రెండోచోట చూసే డాక్టర్ దొరికారు కాబట్టి జున్ను దక్కింది. అందుకే, కుందేలుని తెచ్చే ముందే కుందేళ్లని చూసే డాక్టర్ మీ ఊళ్లో ఎక్కడున్నారో కనుక్కోండి.

మన ఎండలు తెలుసు కదా, వేసవిలో బాల్కనీలో ఉంచితే వడదెబ్బ తగులుతుంది. ఇంకో మాట, పిల్లలు ఎత్తుకుని ముద్దు చేద్దామనుకుంటారు. కుందేలుకి అది భయం. గింజుకుని కిందపడితే నడుం విరగొచ్చు. నేలమీద కూర్చుంటే అదే దగ్గరికొస్తుంది, దానికి వారాలు పట్టొచ్చు. అంత ఓపిక పదేళ్ల పిల్లలకు ఉండాలనుకోవడం న్యాయం కాదు. కాబట్టి కుందేలు పిల్లల బాధ్యత అనుకుని కొనకండి. మీకు ఇష్టమైతేనే తెచ్చుకోండి, అదీ ఎవరో వద్దనుకున్నదాన్ని.

మీ పాప మరీ పట్టుబడితే ఒక నెల ఇలా చేసి చూడండి. రోజూ పొద్దున ఆరింటికి లేచి ఒక మూల ఊడ్చాలి, ఒక గిన్నెలో నీళ్లు మార్చాలి, గదిలో వైరు ఒక్కటీ నేలమీద ఉండకూడదు. కుందేలు లేకుండానే. ఆ ముప్పై రోజుల్లో చీపురు ఎవరి చేతిలో ఎక్కువసార్లు ఉందో మీరే లెక్కపెట్టుకోండి.