రేస్ బతికింది.. రేస్ కోర్స్ పోయింది! లింకన్ హ్యాండిక్యాప్ కథ ఇదీ

ఇంగ్లాండ్‌లోని డాన్‌కాస్టర్‌లో ఏటా మార్చి చివర్లోనో, ఏప్రిల్ మొదట్లోనో ఓ గుర్రపు పందెం జరుగుతుంది. పేరు లింకన్ హ్యాండిక్యాప్. పచ్చిక ట్రాక్‌పై ఫ్లాట్ రేసుల సీజన్‌కు ఇదే ఆరంభం. ఫ్లాట్ అంటే దూకడానికి అడ్డంకులుండవు, పరుగే. మరి డాన్‌కాస్టర్‌లో జరిగే పందేనికి లింకన్ పేరెందుకు? ఎందుకంటే, ఇది నిజానికి లింకన్ అనే వేరే ఊరి రేస్. ఆ ఊళ్లో ఇప్పుడు పందేలే లేవు.

అసలు హ్యాండిక్యాప్ అంటే ఏంటి?

బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, వెనకబడే గుర్రానికి తక్కువ బరువు. జాకీ బరువు సరిపోకపోతే జీను కింద సీసం ముక్కలు పెడతారు. రేటింగ్‌లో ఒక్క పాయింట్ తేడాకు ఒక పౌండ్, అంటే దాదాపు 450 గ్రాములు. అందరికీ గెలిచే ఛాన్స్ ఉండాలన్నదే లెక్క. అందుకే ఫలితం ఊహించడం కష్టం, బెట్టింగ్ జోరెక్కువ.

ఒకే రేసులో 58 గుర్రాలు!

లింకన్‌లో ఈ రేస్ 1849లో మొదలైంది. 1853 నుంచి లింకన్‌షైర్ హ్యాండిక్యాప్ అయింది. 1948లో ఏకంగా 58 గుర్రాలు పరిగెత్తాయి. బ్రిటన్ ఫ్లాట్ రేసుల్లో అదే రికార్డు. ఇప్పుడు 22కి మించనివ్వరు.

డబ్బు ఆగింది.. రేస్ కోర్స్ మూతపడింది

బుక్‌మేకర్ల నుంచి వసూలు చేసిన సొమ్మును రేసులకు పంచేది లెవీ బోర్డు. అది లింకన్‌కు సాయం ఆపేసింది. 1964లో రేస్ కోర్స్ మూతపడింది. మరుసటి ఏడాదే రేస్ డాన్‌కాస్టర్‌కు వెళ్లిపోయింది.

ఇప్పుడెందుకు ఈ కథ?

బ్రిటన్ రేసింగ్‌లో ఆ భయం ఇంకా ఉంది. ఆన్‌లైన్ బెట్టింగ్ పన్ను 15 నుంచి 21 శాతానికి పెరిగితే తమకొచ్చే ఆదాయం పడిపోతుందంటూ 2025 సెప్టెంబర్ 10న రేసులే ఆపేసి నిరసన తెలిపారు. చివరికి నవంబర్ బడ్జెట్‌లో గుర్రపు పందేలను 15 శాతం దగ్గరే ఉంచారు. ఇప్పటికి గండం గడిచింది. కానీ రేసింగ్ బతుకంతా బెట్టింగ్ డబ్బు మీదే ఉన్నంతకాలం చిన్న ఊళ్ల రేస్ కోర్సులకు ఈ టెన్షన్ తప్పదు. పేరున్న పందెం ఇంకో ఊరికి పోయి బతుకుతుంది. ఊరు ఎక్కడికి పోతుంది?

లింకన్‌లో పాత గ్రాండ్‌స్టాండ్ ఇప్పటికీ ఉంది. దాని ముందున్న మైదానంలో గుర్రాలూ కనిపిస్తాయి. పరిగెత్తడానికి కాదు, మేయడానికి.