పంచదార మానాలా? తగ్గించాలా?



కిందటి నెలలో మా గదిలోని ఆరో తరగతి చెల్లి పంటి నొప్పితో రాత్రంతా ఏడ్చింది. లవంగం పెట్టాం, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాం. తగ్గలేదు. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్తే దవడ పన్ను తీసెయ్యాల్సి వచ్చింది. అది పాలపన్ను కాదు, మళ్ళీ రాదు. ఆ తరువాత వారం మీటింగులో ఆదివారం రవ్వకేసరి ఆపేద్దామని, అన్నాల దగ్గర పంచదార డబ్బా పెట్టొద్దని అనుకున్నారు. మనలో చాలామంది మొహాలు మాడిపోయాయి. నిజం చెప్తున్నాను, నాది కూడా. అందుకే నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందుగా మేడమ్ గారి భయం నిజమేనని ఒప్పుకోవాలి. మన నోట్లో ఉండే సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటిపైన ఉండే ఎనామిల్‌ని కరిగిస్తుంది. ఒక్కసారి తినడం కన్నా రోజంతా కొంచెం కొంచెం నాకడం ఇంకా చెడ్డది. స్టడీ అవర్లో పంచదార పొట్లం విప్పేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఒక ఆదివారం నేను లెక్క వేశాను. మన 250 మందికి చేసే కేసరిలో 5 కిలోల రవ్వకి 7 కిలోల పంచదార పోస్తామని వంట అక్క చెప్పింది. అంటే ఒక్కొక్కరికి 28 గ్రాములు. చెంచాకి 4 గ్రాములనుకుంటే టీలో 2 చెంచాలు, మధ్యాహ్నం పెరుగన్నంలో నేను వేసుకునే 3 చెంచాలు కలిపి ఇంకో 20 గ్రాములు. మొత్తం 48. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి ఇలాంటి తీపి 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే మరీ మంచిది. నేను మధ్యాహ్నానికే 48కి వచ్చేశాను!

అయినా పూర్తిగా ఆపెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆదివారం కేసరి కోసం చిన్నపిల్లలు శనివారం నుంచే ఎదురుచూస్తారు. ఆపేస్తే మానతామా? పెట్టెల్లో దాచుకుని తింటాం. అప్పుడు లెక్క కూడా ఉండదు.

అసలు పెరుగులో పంచదార ఎందుకు వేసుకుంటున్నాం? పెరుగు పుల్లగా ఉంటోంది కాబట్టి. సాయంత్రం 5 గంటలకి తోడు వేస్తే మర్నాడు 12 గంటలకి మనం తినేసరికి 19 గంటలవుతుంది. తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరని ఆమ్లంగా మారుస్తూనే ఉంటుంది. ఎంతసేపు ఉంటే అంత పులుపు. వంట అక్కని బతిమాలి ఒక చిన్న గిన్నెలో రాత్రి 9 గంటలకి తోడు వేయించాను. పొద్దున్న తోడుకోగానే గిన్నెని చన్నీళ్ళలో పెట్టాం. మధ్యాహ్నం కమ్మగా ఉంది. ఏడుగురం తిన్నాం, ఒక్కరు కూడా పంచదార అడగలేదు.

ఇంకో సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది. నేను ఈ హాస్టల్‌కి కొత్తగా వచ్చినప్పుడు మా ఇంట్లో పొద్దున్న చోడి అంబలి, ఉల్లిపాయ తింటామని చెప్తే కొందరు నవ్వారు. అప్పట్నించి తీపి తినడమే గొప్ప అనుకున్నాను. సెలవులకి ఇంటికెళ్ళి, అంబలిలో పంచదార లేకపోతే తాగనని పేచీ పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. పక్కింటికెళ్ళి గ్లాసుడు పంచదార అప్పు తెచ్చింది. అది తీర్చడానికి సంత దాకా ఆగాల్సొచ్చింది. పళ్ళకి, ఎముకలకి కావలసిన కాల్షియం 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. బియ్యంలో చాలా తక్కువ. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది. అమ్మ ఇచ్చినదే మంచిది. నేనే చెడగొట్టాను.

బెల్లం, తేనె అయితే ఫరవాలేదు కదా అని కొందరు అంటున్నారు. బెల్లం కూడా చెరకు నుంచే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెని కూడా ఆ లెక్కలోనే వేస్తుంది. మన పెద్దలు తేనె దొరికిన రోజునే తినేవారు, రోజూ కాదు. పండుని పండులాగే తింటే అది ఆ లెక్కలోకి రాదు.

కాబట్టి నా మనవి ఇది:

1. కేసరి ఆపవద్దు. 7 కిలోల పంచదారని రెండు వారాలకి ఒక కిలో చొప్పున తగ్గించి 4 కిలోలకి తేవచ్చు. అప్పుడు ఒక్కొక్కరికి 16 గ్రాములే. మగ్గిన అరటిపళ్ళు మెదిపి కలిపితే రుచి తగ్గదు.

2. రాత్రి స్టడీ అయ్యాక తోడు వెయ్యాలి. వంట అక్కలకి శ్రమ కాకుండా తొమ్మిదో తరగతి వాళ్ళం వంతులు వేసుకుని వేస్తాం.

3. పెరుగులోకి అరటిపండు ముక్కలు, కాలంలో సీతాఫలం గుజ్జు కలుపుకుందాం.

4. తీపి తిన్నాక నోరు పుక్కిలిద్దాం. రాత్రి పళ్ళు తోముకుని పడుకుందాం.

నేను 3 చెంచాల నుంచి మెల్లమెల్లగా అర చెంచాకి వచ్చాను. పూర్తిగా మానేశానని అబద్ధం చెప్పను. కానీ మొన్న ఎవరో మూడు చెంచాలు వేసి ఇస్తే వెగటు పుట్టింది. నాలుక కూడా మనలాగే, నేర్పితే నేర్చుకుంటుంది.

ఆ చెల్లి ఇప్పుడు ఒక పక్కనే నములుతోంది. రెండో పక్క పళ్ళయినా బాగుండాలి. మేడమ్ గారు ఒక్క నెల మాకు అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను. తప్పులుంటే మన్నించండి. మీ అభిప్రాయాలు వచ్చే సంచికలో రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని