పాత కారుకు కొత్త గొంతు

పాత కారులో కొత్త స్టీరియో పెట్టించవచ్చునా? సాహిత్యం రాసుకొనే చోట ఈ ప్రశ్న ఏమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చును. నవ్వినా ఫరవాలేదు. పాత ప్రతిని ఎంతవరకు దిద్దవచ్చు, ఎక్కడ చెయ్యి ఆపుకోవాలి అన్న తర్జనభర్జన మనకు కొత్తది కాదు గదా. ఇదీ ఆ జాతి ప్రశ్నే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పెట్టించవచ్చును, కానీ కోయరాదు. ఈ రెండు మాటల నడుమ చెప్పవలసినది చాలా ఉంది.

మా ఆత్మకూరు నల్లమల అంచున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. శ్రీశైలానికి వెనుకటి కాలినడక దారి ఇటునుంచే నాగలూటి, పెచ్చెర్వుల మీదుగా అడవిలోకి సాగుతుంది. ఇట్లాంటి ఊళ్ళలో ఒకప్పుడు కారంటే అంబాసిడరే. కలిగినవారింట్లో ఒకటుండేది, అది ఊరందరి అవసరానికీ వచ్చేది. కాన్పు కష్టమైతే కర్నూలుకు పోయినదీ అదే, పెళ్ళికూతురిని అత్తవారింట దింపినదీ అదే, శివరాత్రికి ఎనిమిదిమందిని కుక్కుకొని ఘాటు ఎక్కినదీ అదే. ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. దాని తోటికోడలు వంటి ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే, 2000 ప్రాంతంలో, సెలవు తీసుకుంది. ఇక మిగిలినవి చింతచెట్ల కింద గోనెపట్టాలు కప్పుకొని ఉన్నవే.

ఇప్పుడు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు పండుగకు వచ్చి ఆ గోనెపట్టాలు ఎత్తి చూస్తున్నారు. బాగు చేయిద్దామంటున్నారు. సంతోషమే. అయితే ఇంజను సంగతి, బ్రేకుల సంగతి అడగకముందే వారడిగేది పాటల సంగతి. మా చిన్నాయన ఇంట్లో ఇటీవల ఈ తగవే వచ్చింది.

"ఏడంగుళాల తెర పెట్టిస్తా నాయనా. దారి చూపిస్తాది, పాటలూ పాడతాది" అన్నాడు కొడుకు.

"శ్రీశైలానికి దారి నాకు తెర చూపించాల్నా? ఆ రేకు మీద రంపం పెడితే బండి నీకియ్యను పో" అన్నాడు చిన్నాయన.

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కొడుకు ఆ బండిని నడపాలనుకుంటున్నాడు. నడపని బండి తుప్పు పడుతుంది. నడపాలంటే అందులో కూర్చోవడం ఆనందంగా ఉండాలి. తండ్రి ఆ బండిని ఉన్నదున్నట్టుగా ఉంచాలనుకుంటున్నాడు. ఒకసారి కోసిన రేకు మళ్ళీ అతకదని ఆయనకు తెలుసు.

ముందు తండ్రి పక్షాన్ని పరీక్షిద్దాము. ఆయన వాడే మాట "ఒరిజినల్". ఏది ఒరిజినల్? మన దేశంలో ఆ రోజుల్లో రేడియో సాధారణంగా కారుతోపాటు వచ్చేది కాదు. ఓపిక ఉన్నవారు వేరుగా కొని పెట్టించుకొనేవారు. దానికి తపాలాఫీసులో లైసెన్సు రుసుము కూడా కట్టవలసి ఉండేది. ఆ బాధ 1980ల నడిమిలో గాని తీరలేదు. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్ తప్ప మరొకటి తెలియని ఆ సెట్లు గరగరల నడుమ వార్తలు వినిపిస్తుంటే అదే వైభవంగా ఉండేది. ఫిలిప్స్ వారు 1963లోనే క్యాసెట్టును లోకానికి చూపినా, మన కార్లలోకి క్యాసెట్ ప్లేయరు విరివిగా వచ్చినది 1980లలోనే. ఆ ప్లేయర్లను హైదరాబాదు కోఠీలోనో మదరాసు బర్మా బజారులోనో కొని తెచ్చేవారు. ఘంటసాల భగవద్గీత మోగని టాక్సీ ఉండేదా?

అంటే ఈనాడు మనం "పాతది, ముట్టుకోవద్దు" అంటున్న ఆ క్యాసెట్ ప్లేయరు కూడా ఒకనాడు పిల్లలు పట్టుబట్టి పెట్టించిన కొత్తదే. కర్మాగారం గడప దాటిన నాటి స్థితే ఒరిజినల్ అంటే చాలా కార్ల ఒరిజినల్ స్థితి మౌనం. ఆ మౌనాన్ని కోరేవారు కోరవచ్చును. నాకు వారిమీద గౌరవమే. కానీ 1980ల డబ్బాను పూజిస్తూ నేటి డబ్బాను తిట్టడంలో తర్కం కనబడదు.

ఇక కొడుకు పక్షం. ఇక్కడ కొంత లెక్క చూడాలి. నేటి స్టీరియోకు ప్రామాణికమైన గూడు సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. ఏడంగుళాల తెర ఉన్నదానికి ఎత్తు ఇంచుమించు రెండింతలు, 100 మిల్లీమీటర్లు. పాత కార్ల గూళ్ళు అట్లాంటివి కావు. ఆ కాలపు రేడియోకు రెండు పక్కలా రెండు గుండ్రటి మీటలు, నడుమ చిన్న అద్దపు పట్టీ. ఆ కొలతకు తీసిన రంధ్రాలలో నేటి సెట్టు దూరదు. కనుక దుకాణంవాడు రంపం తీస్తాడు. ఒక పట్టణంలో అట్లా కోసిన ఫియట్‌ను చూశాను. మీటర్ల పక్కన రేకు వంకరటింకరగా తెగి, ఆ అంచులను నల్లటి ప్లాస్టిక్ చట్రంతో కప్పి ఉంది. రెండేళ్ళకు ఆ తెర పాడైంది. కొత్త తెరకు కొలత వేరు. మళ్ళీ కోశారు.

తెరల ఆయుష్షు కొద్ది. రేకు ఆయుష్షు అరవై ఏళ్ళు. కొద్ది ఆయుష్షున్నదాని కోసం పెద్ద ఆయుష్షున్నదాన్ని నరకడం ఏ లెక్కన లాభం? పైగా తయారీయే ఆగిపోయిన బండికి కొత్త డాష్‌బోర్డు ఎక్కడినుంచి వస్తుంది? మరొక ముసలి బండిని విప్పితేనే వస్తుంది. ఒకదాన్ని బతికించడానికి ఇంకొకదాన్ని చంపాలి.

కోత కంటికి కనబడే కీడు. కనబడని కీడు తీగలలో ఉంది. అంబాసిడర్‌కు తల్లి బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ సంప్రదాయపు పాత కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ కొనను బండి ఒంటికి కలిపేవారు. నేటి స్టీరియోలన్నీ మైనస్ కొన ఒంటికి కలిపి ఉంటుందని నమ్మి చేసినవి. ఈ తేడా చూడకుండా ఇనుప డబ్బాను ఇనుప రేకుకు బిగిస్తే సెట్టు కాలడమో తీగ అంటుకోవడమో ఖాయం. ఇది పాత చేయి తిరిగిన ఎలక్ట్రీషియను సరిచేయగల పనే: బ్యాటరీ కొనలు మార్చాలి, డైనమోకు కొత్త ధ్రువత్వం ఇవ్వాలి, ఆమ్మీటరు తీగలు, కాయిల్ తీగలు తారుమారు చేయాలి. అయితే చేయవలసి ఉందని తెలిసినవాడే చేస్తాడు.

రెండవది శక్తి. ఆ బండ్ల డైనమో బాగా తిరిగినప్పుడు ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. రాత్రి పెద్ద దీపాలు వెలిగిస్తే ఏడెనిమిది అక్కడే పోతాయి. ఇంజను మంటకు మూడు నాలుగు, వెనుక దీపాలకు, వైపరుకు మరికొంత. మిగిలేది ఐదారు. మామూలు సెట్టు మామూలు గొంతుతో పాడితే రెండు మూడు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది, అది భరించవచ్చును. సీటు వెనుక ఆంప్లిఫయరు, దాని పక్కన దడదడలాడే పెద్ద డబ్బా పెట్టిస్తే భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు సున్న. ఘాటు రోడ్డులో లారీ వెనుక చిక్కుకొని పాటలు వింటే, ఆ తరువాత దిగి తోయవలసి వస్తుంది.

మూడవది ఫ్యూజు. ఆ తరం బండ్లలో చాలావాటికి ఫ్యూజులు రెండే. దీపాల తీగలకు ఫ్యూజు రక్షణ లేనివీ ఉన్నాయి. ఆ తీగల తొడుగులు మా రాయలసీమ ఎండలకు అప్పడాల మాదిరి పెళుసెక్కి ఉంటాయి. దగ్గరున్నది గదా అని దీపం తీగను గీకి అందులో స్టీరియో తీగ చుట్టడం అగ్గిపెట్టెను పక్కలో పెట్టుకొని పడుకోవడమే. బ్యాటరీ దగ్గరనుంచి వేరే తీగ, దాని మొదట్లోనే వేరే ఫ్యూజు: ఇది తప్పనిసరి.

మరి కోయకుండా ఎట్లా? దారులున్నాయి. పాత రేడియో ఉంటే దాని ముఖం అట్లాగే ఉంచి లోపల బ్లూటూత్ పలక అమర్చవచ్చును. లేదా తెర లేని చిన్న ఆంప్లిఫయరును సీటు కిందనో, సామాన్ల అరలోనో దాచి చేతి ఫోనునుంచే పాడించవచ్చును. పాత రూపంలో రెండు మీటలతో వచ్చే కొత్త సెట్లు కూడా బయటి దేశాల్లో అమ్ముతున్నారు. స్పీకర్ల కోసం తలుపులు తొలచనక్కరలేదు. వెనుక అద్దం కింది పలకను తీసి దాచి, అదే కొలతకు మరొక పలక చేయించి దానికి బిగిస్తే చాలు. రేపు ఎవరైనా పాతదే కావాలంటే నాలుగు మరలు విప్పితే సరి.

చట్టం కూడా ఇందుకు అడ్డు కాదు. 2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నమోదు నియమాలు తెచ్చింది. మొదటి నమోదునాటినుంచి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, పైఒళ్ళు, ఇంజనులలో పెద్ద మార్పులు చేయనివాటికి ఆ గౌరవం. రుసుము 20,000 రూపాయలు. సంఖ్యలో వీఏ అనే గుర్తు. నాలుగు మరలతో ఊడివచ్చే స్టీరియో ఆ మూడింటిలో దేనికీ చెందదు.

సరిగ్గా ఇక్కడే నాకు మన ప్రాంతపు రెండు సంగతులు గుర్తొస్తాయి. శ్రీశైలం జలాశయం కింద మునగబోతున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి మళ్ళీ నిలబెట్టారు. గుడి చోటు మారింది, శిల్పం మారలేదు. ఇక కడపలో బ్రౌను దొర పండితుల చేత తాళపత్రాలను పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించాడు. దిద్దుబాటు కొత్త కాగితం మీద జరిగింది. పాత తాటాకు గీకబడలేదు. మూలానికి వ్యాఖ్యానం ఎంతైనా రాసుకోవచ్చును, మూలం మీద రాయరాదు. పాత కారుకు స్టీరియో వ్యాఖ్యానం. డాష్‌బోర్డు మూలం.

చివరగా గొంతు స్థాయి గురించి ఒక మాట. ఆత్మకూరునుంచి బైర్లూటి మీదుగా దోర్నాలకు పోయే బాట పులుల అభయారణ్యం గుండా పోతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోని పులుల అడవులన్నింటిలోనూ పెద్దది. అక్కడ మన పాట వినవలసిన అవసరం జింకకు లేదు. కారు లోపలివారికి వినబడేంత చాలు. అడవి మొదలైన చోట అదీ కట్టేసి, కిటికీ దించి, ఆ పాత ఇంజను చప్పుడునే కొంతసేపు వినండి. అది ఏ దుకాణంలోనూ దొరకని సంగీతం.

మీ ఇళ్ళలో ఇట్లాంటి బండి ఉంటే, అందులో ఏమి పెట్టించారో, ఏమి పెట్టించక వదిలేశారో చెప్పండి. రంపం పట్టినవారి వాదన కూడా వినాలని ఉంది.