పెద్ద బండి కొనేముందు వేయవలసిన లెక్క



ఈ మధ్య మా సంఘ కుటుంబాలలో తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యగారూ, కొత్త చిన్న కారు కొనే డబ్బుతో ఎనిమిదేళ్లు, పదేళ్లు వాడిన పెద్ద బండి వస్తుందట. కొనవచ్చునా?" అని అడుగుతున్నారు. కువైటులో ఉన్న కుమారుడో, బెంగళూరులో ఉద్యోగం చేసే కుమార్తెయో కొంత డబ్బు పంపుతామంటారు. ఇంటిలో నడుము నొప్పితో బాధపడే అవ్వ ఉంటుంది. ఆమెను నెలకొకసారి వేలూరు ఆసుపత్రికి తీసుకొనిపోవలె. పిల్లల బడికి, తోటకు, ఆదివారం ఆరాధనకు కూడ ఆ బండే తిరగవలె. ఇవన్నీ న్యాయమైన అవసరములే.

సుఖముగా ప్రయాణము చేయగోరుట తప్పు కాదు. చిత్తూరు నుండి వేలూరు సుమారు 35 కిలోమీటర్లే. అయినా ఆపరేషను చేయించుకొని తిరిగి వచ్చే మనిషికి దారిలోని ప్రతి గుంతా తెలుస్తుంది. అయితే పెద్ద బండికి మనము రెండుసార్లు వెల చెల్లిస్తాము. కొన్న దినమున ఒకసారి, ఆ తరువాత నెలనెలా. అమ్మేవాడు మొదటి వెల మాత్రమే చెప్పును. రెండవది మనమే లెక్కించుకొనవలె. గోపురము కట్టబోయేవాని గురించి ప్రభువు చెప్పిన ఉపమానము మనమెరిగినదే గదా!

మొదట ఆలోచించవలసినది, ఆ బండిలో ఎవరు కూర్చుంటారనే సంగతి. మన ప్రాంతములో ఎక్కువగా కనబడే ఫార్చ్యూనర్, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఎండీవర్ వంటివి లారీ వలె ఇనుప చేసిస్ మీద బాడీ బిగించినవి. మట్టి దారిలో గట్టిగా నిలబడతాయి, బరువు మోస్తాయి. కాని వీటిలో కొన్ని ఇద్దరే కూర్చుని మెల్లగా పోయేటప్పుడు వెనుక సీటులోని వారిని ఎగరవేస్తాయి. 2011లో వచ్చిన ఎక్స్‌యూవీ 500 వంటి బండ్లు కారు వలె ఒకే బాడీగా చేసినవి గనుక కుదుపు కొంత తక్కువ. పుస్తకములో ఏమి వ్రాసినా, అవ్వను వెనుక సీటులో కూర్చుండబెట్టి అరగంట తిప్పి చూడండి. ఎక్కడానికి మెట్టు ఎంత ఎత్తున్నది, పట్టుకొనే పిడి ఉన్నదా, మోకాళ్లు ముడుచుకొనవలసి వచ్చుచున్నదా అని ఆమెనే అడగండి. ఎవరి సుఖము కొరకు కొంటున్నారో వారు చూడకుండ కొనకండి.

రెండవది, బాగుచేసే చేయి ఎంత దూరములో ఉన్నదనే సంగతి. టయోటా వారి ఇన్నోవా 2005లోను, ఫార్చ్యూనర్ 2009లోను మన దేశములోనికి వచ్చినవి. రెండూ బెంగళూరు దగ్గరి బిడదిలో తయారైనవే. తిరుపతిలో యాత్రికుల కొరకు తిరిగే ఇన్నోవాలు లెక్కలేనన్ని ఉన్నాయి గనుక వీటి పని తెలిసిన మెకానిక్కులు, సామాన్లు సులభముగా దొరుకుతారు. అందువలననే పాత బండికైనా ధర ఎక్కువ. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఇసుజు కర్మాగారము 2016లో మొదలైనది. 2017 నుండి అక్కడ ఎం.యు.-ఎక్స్ అనే ఏడు సీట్ల బండిని చేసినారు. బండి గట్టిదే, కాని రోడ్ల మీద తక్కువగా కనబడుతుంది గనుక దాని పని తెలిసినవారెవరో ముందే విచారించుకొనవలె. ఫోర్డు కంపెనీ 2021 సెప్టెంబరులో మన దేశములో కార్ల తయారీ ఆపుచున్నట్లు ప్రకటించింది. చెన్నై దగ్గర తయారైన ఎండీవర్ సుఖమైన బండి. తయారీ ఆగినందున బేరము కుదరవచ్చు. అయితే సామాను ఎక్కడ దొరకునో తెలిసికొన్న తరువాతనే చేయి వేయండి.

ఆడి, బెంజ్, బి.ఎం.డబ్ల్యూ., రేంజ్ రోవర్ వంటి బండ్లను గురించి కూడ అడుగుతున్నారు. వీటిలో కొన్నింటికి స్ప్రింగులకు బదులు చక్రాల దగ్గర గాలి సంచులుంటాయి. మెత్తదనమంతా వాటి వలననే. సంవత్సరములు గడిచేకొద్ది ఆ రబ్బరు పగులుతుంది, గాలి నింపే కంప్రెసరు అరుగుతుంది. ఉదయాన లేచి చూస్తే బండి ఒక ప్రక్కకు కూలబడి ఉంటుంది. బండి పాతబడి దాని ధర తగ్గును గాని సామాను ధర తగ్గదు. పని కొరకు చెన్నైకో బెంగళూరుకో పోవలసి వచ్చుట మామూలే. వారానికొకసారి తీసే వారి సంగతి వేరు. రోజూ నడపవలసిన ఇంటికి ఇది తగిన బండి కాదని మా అభిప్రాయము.

మూడవది, రోజుకు ఎంత దూరము తిరుగుతుందో చూడండి. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధన వచ్చినది. ఆ తరువాతి డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. బండి పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఆగకుండ పోతేనే ఆ మసి కాలిపోవును. ఇంటి నుండి బజారుకు, బజారు నుండి బడికి రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే జల్లెడ మూసుకొనిపోవును. అటువంటి వారికి పెట్రోలు బండి మేలు. పలమనేరు నుండి చిత్తూరుకు ప్రతి దినము పోయివచ్చేవారికి డీజిలు సరిపోవును.

నాలుగవది, బండిని పరీక్షించు విధము. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లి మీరే స్టార్టు చేయించండి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతున్నదని అర్థము. మీటరును వెనుకకు తిప్పేవారు ఉన్నారు గనుక పెడల్ రబ్బరు, స్టీరింగు, డ్రైవరు సీటు అంచు ఎంత అరిగినవో చూచి, కంపెనీ సర్వీసు రికార్డుతో పోల్చండి. టైరు ప్రక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో చేసినదని అర్థము. బండి 2021 నాటిదని చెప్పి టైరు 2017 నాటిదైతే ప్రశ్నించండి. చెన్నైలో 2015లోను, 2023 డిసెంబరులోను, మన తిరుపతిలో 2021 నవంబరులోను వరదలు వచ్చినవి. నీట మునిగిన బండ్లను కడిగి అమ్మేవారుంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉన్నదేమో చూడండి. సీట్ల క్రింద బోల్టుల తుప్పు, కార్పెటు వాసన గమనించండి. తిరుమల ఘాటులో ట్యాక్సీగా తిరిగి, తరువాత తెల్ల నంబరు ప్లేటుకు మారిన బండియేమో రికార్డులో చూచుకొనండి. చివరకు నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని మొగిలి ఘాటు ఎక్కించి దింపండి. గేర్లు, బ్రేకులు, ఇంజను వేడి అన్నీ అక్కడ బయటపడతాయి.

అయిదవది కాగితములు. మనది సరిహద్దు ప్రాంతము గనుక కర్ణాటక, తమిళనాడు బండ్లు ఎక్కువగా అమ్మకానికి వస్తాయి. ధర తక్కువని సంతోషించకముందు, అక్కడి ఆర్.టి.ఓ. నుండి ఎన్.ఓ.సి. తేవలెనని, ఇక్కడ మళ్లీ జీవిత పన్ను కట్టవలెనని గుర్తుంచుకొనండి. ఆ మొత్తము కలిపిన తరువాతనే అది చవకో కాదో తెలియును. ఆర్.సి.లో ఫైనాన్సు పేరు ఉంటే అది తీసివేయబడవలె. చలానాలు బాకీ ఉన్నవేమో చూడవలె. 29, 30 ఫారముల మీద సంతకములు అయ్యేవరకు పూర్తి డబ్బు ఇవ్వకండి. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని 14 దినముల లోపల దరఖాస్తు చేయండి. రిజిస్ట్రేషను 15 సంవత్సరముల వరకే. పన్నెండేళ్ల బండి కొంటే మూడేళ్లకే దానిని తిరిగి పరీక్ష చేయించి రెన్యువలు చేయించవలె. మరొక మాట. 2025 సెప్టెంబరు 22 నుండి కొత్త బండ్ల మీద జి.ఎస్.టి. తగ్గినది గనుక, పాత బండికి ధర చెప్పేవారితో నేటి కొత్త ధరను చూపి బేరమాడండి.

ఇక నెల లెక్క. నెలకు 1000 కిలోమీటర్లు తిరుగుతారనుకొందాము. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే పెద్ద బండికి 100 లీటర్లు, 20 ఇచ్చే చిన్న కారుకు 50 లీటర్లు పట్టును. లీటరు సుమారు 100 రూపాయలనుకొంటే 10,000 ఒకటి, 5,000 ఒకటి. దాని మీద టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు అన్నీ పెద్దవే. కొన్న ధరలో అయిదవ వంతైనా రిపేర్లకు ప్రక్కన పెట్టలేనివారు ఒక మెట్టు చిన్న బండి చూచుకొనుట మంచిది.

అప్పు చేసి కొనేవారికి మరి ముఖ్యముగా చెప్పుచున్నాము. కంతు ప్రతి నెలా వచ్చును, పంట ప్రతి నెలా రాదు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి, ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు ఇవ్వవలసి వచ్చిన సంగతి మన తోటల వారికి బాగుగా తెలియును. అటువంటి సంవత్సరములో కూడ కంతు కట్టగలమా అని భార్యాభర్తలిద్దరు కూర్చుని మాట్లాడుకొనండి. ఇంటి ఆడవారి నగలు, కొద్దిపాటి భూమి తాకట్టు పెట్టి సుఖమును కొనకండి. ఆ సుఖములో నిద్ర ఉండదు.

లెక్క కుదరకపోతే దిగులు పడనక్కరలేదు. రోజూ తిరగడానికి చిన్న కారు ఉంచుకొని, నెలకొకసారి వేలూరుకు ఇన్నోవా అద్దెకు తీసికొనండి. సంవత్సరానికి పన్నెండు అద్దెలు కలిపినా పెద్ద బండి ఖర్చుకు చాలా తక్కువే. అవ్వకు నడుము నొప్పి లేకుండ పోయివచ్చుట ముఖ్యము గాని, వాకిట్లో ఎంత పెద్ద బండి నిలిచినదనేది కాదు. లెక్క కుదిరినవారు కొనండి, సంతోషముగా వాడుకొనండి. వీధిలో ఎవరికైనా ఆసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు ఆ బండి తాళము ఇచ్చుటకు వెనుకాడకండి.