లేదు వేరు, సున్నా వేరు

పైథాన్ అనే కంప్యూటరు భాషలో 'డిక్షనరీ' అని ఒకటుంది. పేరు చూసి మన శబ్దరత్నాకరం లాంటిదనుకునేరు! ఒక 'కీ' ఇస్తే దానికెదురుగా రాసిపెట్టిన విలువ తీసిచ్చే పట్టిక, అంతే. ఆ కీ అసలు పట్టికలో ఉందా లేదా అని చూసుకోవడం లాబ్‌లో ఒక్క పీరియడ్ పని. కాని అందులో మనం చేసే పొరపాటు మాత్రం చిన్నది కాదని నా అభిప్రాయం.

సంక్రాంతి సెలవుల్లో మా పొలాల సర్వే నంబర్లు కీలుగా, పండిన బస్తాలు విలువలుగా ఒక డిక్షనరీ తయారుచేశాను. నాన్న పక్కన కూర్చుని "118/3 ఎంతుందో చూడరా" అన్నాడు. కొట్టాను. సున్నా వచ్చింది.

"సున్నా ఏంట్రా? పంట పోయిందనా, పొలమే లేదనా?"

బి.యస్సీ. చదువుతున్న నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. వెతికితే తేలింది, పట్టికలో నేను 118-3 అని కొట్టానని. గీత మారితే కీ మారినట్టే. దానికెదురుగా 32 బస్తాలూ భద్రంగానే ఉన్నాయి. నేను 'గెట్' వాడి, దొరక్కపోతే సున్నా ఇమ్మని ముందే చెప్పాను. అది చెప్పినట్టే చేసింది. మామూలుగా బ్రాకెట్లలో కీ ఇచ్చి అడిగివుంటే 'కీ ఎర్రర్' అంటూ ప్రోగ్రాము అక్కడే ఆగిపోయేది. మనం విసుక్కునే ఆ ఎర్రరే నిజం చెప్పేది.

ఇంకో తప్పు దీనికి తలకిందులు. గెట్ ఇచ్చిన విలువనే 'ఇఫ్'లో పెట్టి ఉందో లేదో తేల్చేస్తారు కొందరు. పైథాన్ లెక్కలో సున్నా అబద్ధం కింద జమ. కోతకు ముందు వానకు మునిగి ఒక్క బస్తా కూడా రాని పొలం పట్టికలో ఉన్నా "లేదు" అనేస్తుంది. నష్టపరిహారం జాబితా ఇలా రాస్తే, అందరికన్నా ముందుండాల్సిన రైతే అందులోంచి మాయమవుతాడు గదా!

అడిగే పద్ధతి సులువే. 'ఇన్' అనే మాట చాలు: కీ ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. విలువ ఎంతన్నదానితో దానికి పనిలేదు. (పాత పుస్తకాల్లోని 'హ్యాజ్ కీ'ని 2008లో వచ్చిన పైథాన్ 3లో తీసేశారు. పరీక్షలో రాసేవాళ్లు గమనించాలి.) పైగా ఇది పట్టికంతా తిరగెయ్యదు. కీ నుంచి 'హ్యాష్' అనే సంఖ్య లెక్కగట్టి, ఊరెరిగిన పోస్టుమాన్‌లా సరాసరి ఆ చోటికే వెళ్తుంది. లక్ష కీలున్నా అడగడానికి జంకనక్కర్లేదు.

సున్నా ఇమ్మనడం ఎప్పుడూ తప్పేనని కాదు. ఒక వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేటప్పుడు, రాని మాటకు సున్నాయే సరైన జవాబు. పొలం సంగతి అలా కాదు.

లాబ్‌లో అవుట్‌పుట్ వస్తే చాలు, మార్కులు పడిపోతున్నాయి. పట్టికలో లేని కీ ఒకటి, సున్నా విలువున్న కీ ఒకటి ఇచ్చి చూపించమని అడగాలని మాస్టార్లకు నా మనవి. మా నాన్న అయితే ఆ రోజు 118/3కి ఎదురుగా 32 కనపడేదాకా భోజనానికి లేవలేదు.